నడిచిరాలుమగలు: ఒక తేటగీతికి టీకా తాత్పర్యం

విజయవాడ పటమటలో కాపురం ఉంటున్న ఆలుమగలిద్దరు కార్తిక మాసంలో ఒక ఆదివారం వెలుగు రాకముందే లేచి, కొండపల్లి ఖిల్లాకు వెళ్ళి, దీపాల వేళకు ఇల్లు చేరడం ఈ పద్యానికి వస్తువు. కర్త ఆ ఇద్దరిలో మగడు. రచనాకాలం ఆ రాత్రే, కాళ్ళు రెండూ వేణ్ణీళ్ళ బకెట్టులో ఉన్నప్పుడు. మూలప్రతి ఒక్కటే దొరుకుతోంది: గోడ క్యాలెండరు నుంచి చింపిన నెల కాగితం వెనక, పాల లెక్క పక్కన, బాల్‌పెన్నుతో రాసినది.

కార్తికపుటాదివారము కాఫి తాగి
పటమటను వీడి పులిహోర పట్టుకొనుచు
కొండపల్లి ఖిల్లాకునై కోర్కెతోడ
నడిచిరాలుమగలు కాళ్ళు నలగిపోవ.

ఛందస్సు తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం. కా-కా, ప-ప, కొ-కో, న-న అని యతులు సరిగానే పడ్డాయి. తేటగీతికి ప్రాస నియమం లేదు. కవి ఈ ఛందస్సునే ఎంచుకోవడానికి అంతకు మించిన కారణం కనిపించదు.

పద్యంలో పనులు నాలుగు: తాగడం, వీడడం, పట్టుకోవడం, నడవడం. కర్తలు ఇద్దరు. క్రియ బహువచనం. ఏ పని ఎవరు చేశారన్నది బహువచనం చెప్పదు, ఇద్దరినీ ఒకే మోపుగా కట్టేస్తుంది. పైకి ఇంత తేటగా ఉన్న గీతికి టీక అవసరమైంది ఇందుకే.

ముందుగా ఒక పూర్వపక్షం. పటమట వాళ్ళకు కొండలు కరువా? మొగల్రాజపురం కొండ, దాని గుహలు కూతవేటు దూరంలో ఉన్నాయి. ఇంద్రకీలాద్రి ఊళ్ళోనే ఉంది. బ్యారేజీ దాటితే ఉండవల్లి గుహలు. ఇవన్నీ వదిలి 20 కిలోమీటర్ల పైచిలుకు దూరం ఎందుకు పోవాలి? సమాధానం: ఇంద్రకీలాద్రి ఎక్కితే అది దర్శనమవుతుంది, షికారు కాదు, పైగా కార్తికంలో క్యూలో నిలబడడమే తప్ప నడక ఉండదు. మొగల్రాజపురం కొండమీద అడుగడుగునా ఇళ్ళు; ఎవరి వాకిట్లోంచి పోతున్నామో చూసుకుంటూ పోవాలి. ఉండవల్లిలో గుహ నాలుగు అంతస్తులదైనా చూడడానికే గాని నడవడానికి చాలదు. కొండ, అడవి, కోట మూడూ ఒకే చోట కావాలంటే కొండపల్లే గతి. ఇక ప్రతిపదార్థం.

కార్తికపుటాదివారము: కార్తికమునందలి ఆదివారమున. కార్తికము, ఆదివారము అనే రెండు మాటలు కలవడానికి ముందు 'ము' పోయి 'పు' రావాలి, ఆ పైన 'ట్' అనే ఆగమం దిగాలి. ఇల్లు కదలక ముందే రెండు సంధి కార్యాలు. ఇది ఆ ఇంటి తెల్లవారుజాముకు తగిన ఎత్తుగడ అనిపించుకుంటుంది. 'ఆదివారమున' అని సప్తమి ఉండాల్సిన చోట ప్రథమ ఉంది. కాలవాచకాలకు ఈ వెసులుబాటు వాడుకలో ఉన్నదే. ఆదివారం వెళ్దాం అంటారు గాని ఆదివారమునందు వెళ్దాం అని పటమటలో ఎవరూ అనరు.

ఆశ్వయుజ కార్తికాలు శరదృతువు. ఇక్కడ శరత్తు అనే మాటమీద కొంచెం ఆగాలి. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో ఉన్న తెలుగువాళ్ళకు శరత్తంటే ఆకు ఎర్రబడే కాలం. అక్టోబరు రాగానే జంటలు జంటలుగా స్టేట్ పార్కులకు పోయి, మేపుల్ చెట్ల కింద ఫొటోలు దిగి, పటమటకు పంపుతారు. ఈ ప్రయాణానికి బీజం ఆడపడుచు పంపిన అలాంటి ఫొటోయేనని ఒక వాదం ఉంది. అది నిజమైనా, ఆకుల కోసం కొండపల్లి వెళ్ళినవాళ్ళకు శరత్తులో ఆశాభంగం తప్పదు. కొండపల్లి అడవి ఆకురాల్చే అడవే. కాని రాల్చేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. కార్తికంలో అది వానాకాలం తాగిన నీళ్ళతో ఇంకా పచ్చగా ఉంటుంది. కృష్ణాతీరంలో శరత్తు గుర్తులు కొమ్మల్లో కాదు, ఆకాశంలోనూ పొలంలోనూ చూడాలి. మబ్బు తెల్లబడుతుంది, కాలవ నీళ్ళు తేరుకుంటాయి, వరి వెన్ను తీసి వంగుతుంది, తెల్లవారుజామున స్కూటరు సీటు తడిగా ఉంటుంది. అదే నెలలో బంగాళాఖాతం వాయుగుండాలు కూడా పంపుతుంది. పద్యంలో లేని గొడుగు సంచిలో ఉండడానికి కారణం అది. సంచి సర్దినది ఎవరన్నది తర్వాత వస్తుంది.

ఆదివారమే ఎందుకు? కార్తికంలో సోమవారం పుణ్యదినం కదా అంటే, సోమవారం నక్తం ఉండేవాళ్ళకు చుక్క పొడిచేదాకా భోజనం లేదు. కొండ ఎక్కే రోజు కాదది. పైగా ఆఫీసు. ఇక ఈ మాసానికి వనభోజనం విధి. ఉసిరి చెట్టు కింద భోంచేయాలి. ఇప్పటి వనభోజనాలు కులాలవారీగా, షామియానా వేసి, మైకు పెట్టి, క్యాటరింగు వాళ్ళతో జరుగుతున్నాయి. వాటికి వెళ్ళకుండా ఇద్దరే వెళ్ళి తింటే అది వనభోజనమవుతుందా అని శంక. వనం ఉంది, భోజనం ఉంది, మైకు ఉండాలని ఎక్కడా లేదు గనుక అవుతుంది. మరి ఆదివారంనాడు ఉసిరి తినరాదని పెద్దల నిషేధం ఉందే? నిషేధం కాయకు, నీడకు కాదు.

కాఫి తాగి: కాఫీ సేవించి. కాఫీ అన్నది దీర్ఘాంతం. సూర్యగణం కోసం కవి దాన్ని కురచ చేశాడు. 'త్రాగి' అనకుండా 'తాగి' అనడం మంచిదే. తెల్లవారుజామున నాలుగున్నరకు క్రారవడి పలికే నోరు ఉండదు. ఈ పదంమీద చెప్పవలసింది చివర పాఠాంతరంలో ఉంది.

పటమటను వీడి: పటమట అను పేటను విడిచి. పటమట శబ్దానికి, స్కూటరు స్టార్టయ్యేటప్పుడు పటపటమనుట వలన ఏర్పడిందని ఒక వ్యుత్పత్తి ఈ కవే చెప్పేవాడు. పటమట స్కూటర్ల కంటె పాతది కాబట్టి అది చెల్లదు. వీడుట యనగా ఏమి? గ్యాసు కట్టుట, నీళ్ళ మోటారు కట్టుట, పాలవాడికి చీటీ పెట్టుట, పక్కింటి వారికి తాళంచెవి ఇచ్చుట, తాళం లాగి చూచుట, మూడిళ్ళు దాటాక వెనక్కి వచ్చి మళ్ళీ లాగి చూచుట. ఇందులో చివరిది మాత్రమే మగడు చేసినట్టు సాక్ష్యం ఉంది.

దారి ఇది. బెంజి సర్కిల్ దగ్గర బందరు రోడ్డెక్కి, బస్టాండు దాటి, 2020లో తెరిచిన కనకదుర్గ ఫ్లైఓవరు మీదుగా భవానీపురం, గొల్లపూడి, గుంటుపల్లి, ఇబ్రహీంపట్నం. అక్కడ హైదరాబాదు రోడ్డు వదిలి మైలవరం రోడ్డు పడితే కొండపల్లి. ఫ్లైఓవరు మీద ఎడమపక్క కృష్ణ, కుడిపక్క అమ్మవారి కొండ. స్కూటరు నడిపేవాడు చేతులు జోడించలేడు గనుక తల వంచుతాడు. వెనక కూర్చున్నావిడ ఇద్దరి తరఫునా జోడిస్తుంది.

పులిహోర పట్టుకొనుచు: పులిహోరను చేత ధరించుచు. పద్యం మొత్తానికి పట్టు ఉన్నది ఈ పదంలోనే. కార్తికంలో ఉల్లి వెల్లుల్లి మానేసే ఇళ్ళకు పులిహోరంత అనుకూలమైన ప్రయాణపు తిండి లేదు. రెండూ లేకుండానే రుచి, చల్లారితే ఇంకా రుచి, సాయంత్రం దాకా చెడదు. పెరుగన్నం పులుస్తుంది, ఇడ్లీ గట్టిపడుతుంది, చపాతీ అట్టముక్కవుతుంది. పులిహోర ఒక్కటే మధ్యాహ్నానికి పొద్దుటికంటె మెరుగవుతుంది. కారణం, చింతపండు పులుపు, ఉప్పు, నూనె మెతుకులోకి దిగడానికి కొన్ని గంటలు పట్టడం. పాడుచేసే తేమ అందులో తక్కువ. పులుపు, ఉప్పు, పసుపు, నూనె కాపలా కాస్తాయి.

చేసే క్రమం ఇది. ముందు రోజు రాత్రి చింతపండు నానబెట్టి, చిక్కగా పిసికి, ఉప్పు, పసుపు, బెల్లపు ముక్క, చీల్చిన పచ్చిమిరపకాయలు, నూనె వేసి, ఆ నూనె పైకి తేలేదాకా ఉడికించి మూతపెట్టాలి. తెల్లవారుజామున అన్నం ఒక పలుకు బిరుసుగా వండి, బేసినులో ఆరబోసి, వేడి ఉండగానే పచ్చి కరివేపాకు, చెంచాడు నూనె వేసి విడదీయాలి. ఆ వేడికే కరివేపాకు వాసన అన్నానికి పడుతుంది. అప్పుడు గుజ్జు కలపాలి. శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిరప, ఇంగువ పోపు ఆ తర్వాత. కృష్ణా జిల్లా ఇళ్ళలో అంతటితో ఆగరు. ఆవాలు, ఎండుమిరప నూరి ఆ పిండి కొంచెం పైన చల్లి కలుపుతారు. ఆవ ఘాటు ముక్కుకెక్కితేనే అది పులిహోర, లేకపోతే చింతపండు అన్నం. ఈ పనులన్నిటికీ మూలంలో ఒక్క అక్షరం కేటాయించలేదు.

కవి వాడిన క్రియ 'పట్టుకొనుచు'. శత్రర్థకం. ఒక పని చేస్తూ మరొక పని చేయడాన్ని చెప్పే రూపం. అంటే నడిచినంతసేపూ పట్టుకునే ఉన్నారని అర్థం. వస్తుతః ఏమి జరిగింది? క్యారేజీ మూడు గిన్నెలది. పులిహోర రెండు గిన్నెల్లో, పెరుగన్నం ఒకదానిలో. అది ఇంటినుంచి కొండ కిందిదాకా భార్య ఒళ్ళో, కొండ కిందినుంచి మొదటి ద్వారందాకా భార్య భుజాన ఉన్న సంచిలో, మొదటి ద్వారం దగ్గర అయిదు నిమిషాలు మగడి చేతిలో ఉంది. ఆ అయిదు నిమిషాల్లో కోతి వచ్చింది. క్యారేజీ దక్కింది గాని పై గిన్నె మూత దొర్లి కింద మెట్టుమీద ఆగింది. అటుపైన సంచి మళ్ళీ భార్య భుజానికే. కాబట్టి 'పట్టుకొనుచు' అన్న బహుకర్తృక ప్రయోగం అయిదు నిమిషాలకే సార్థకం, మిగిలినంతా ఏకకర్తృకం.

కొండపల్లి ఖిల్లాకునై: కొండపల్లి యందలి దుర్గము కొఱకు. దుర్గమనకుండా, కోట అనకుండా ఖిల్లా అనడానికి గణం ఒక కారణం, ఊరి వాడుక మరొకటి. అరబ్బీ మాట ఫారసీ, ఉర్దూల గుండా వచ్చి తెలుగు కొండమీద కూర్చుంది, కోట చేతులు మారినట్టే. 14వ శతాబ్దంలో కొండవీటి రెడ్డి రాజులు కట్టించిన ఈ కోట తర్వాత గజపతుల పాలైంది. 16వ శతాబ్దం రెండో దశాబ్దంలో కళింగ దండయాత్రకు వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు కొండవీడు పట్టి, ఆ వెనక దీన్ని ముట్టడించి గెలిచాడు. ఆ తర్వాత గోల్కొండ కుతుబ్‌షాహీలు, 1687లో గోల్కొండ పడిపోయాక మొగలులు, 1766లో ఈస్టిండియా కంపెనీ. కంపెనీ వాళ్ళు బారకాసులు కట్టి పటాలాన్ని పెట్టారు. పోయినవాళ్ళకు సమాధులూ ఇక్కడే కట్టారు. ఇన్ని సైన్యాలు ఆగిన చోట పటమట దంపతులు మూడుసార్లు ఆగారు: మొదటిసారి నీళ్ళకు, రెండోసారి ఊపిరికి, మూడోసారి ఫోను ఎత్తడానికి.

పైకి రోడ్డు ఉంది, ఊళ్ళోంచి పాత కాలినడక దారీ ఉంది. దంపతులు పట్టింది రెండోది. మగడు రోడ్డు సంగతి కింద ఉండగా ఎత్తాడనీ, ఆమె అప్పటికే పది మెట్లు పైన ఉందనీ తెలుస్తోంది. రాతి గోడల మధ్య ఒకదాని వెనక ఒకటిగా మూడు ద్వారాలు వస్తాయి. పెద్దది దర్గా దర్వాజా. పక్కనున్న గులాబ్ షా దర్గా వల్ల ఆ పేరు. రెండో చివర గోల్కొండ దర్వాజా. రెండు శిఖరాల నడుమ తానీషా మహలు, దాని దగ్గర లోతైన కోనేరు, ఆ అవతల ధాన్యపు కొట్టు. కోనేటి నీళ్ళు మహా చల్లన, తాగితే జ్వరం వస్తుందని పాత ప్రతీతి. సంచిలో రెండు లీటర్ల సీసా ఎవరు పెట్టారో మళ్ళీ చెప్పనక్కరలేదు.

మహలు మీంచి చూస్తే ఒకవైపు అడవి వంపులు వంపులుగా పోతుంది. మరొకవైపు ఇబ్రహీంపట్నం, నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు, ఆ వెనక కృష్ణ. పటమటలో ఫ్యాను తిరిగేది ఆ గొట్టాల పుణ్యాన. ఫ్యాను కింద పడుకోవలసిన ఆదివారం ఆ గొట్టాలనే చూస్తూ గడపవలసి వచ్చిందని కవికి ఒక బాధ ఉన్నట్టుంది, మూలంలో దాచాడు.

కోర్కెతోడ: అభిలాషతో. ఎవరి అభిలాష? మగడి కోర్కె ఆదివారం తొమ్మిదిదాకా నిద్ర అని పూర్వాపరాలు చెబుతున్నాయి. ఖిల్లా కోర్కె దసరా బొమ్మల కొలువు నాటినుంచి భార్యది. కాబట్టి అన్వయం ఇలా చేసుకోవాలి: కోర్కె ఆమె, 'తోడ' అనే విభక్తి అతడు.

బొమ్మల మాట వచ్చింది గనుక, ఈ కోర్కెకు రెండో కొస కొండ కింద ఉంది. దిగి వచ్చాక బొమ్మలవాళ్ళ వీధి. కొండపల్లి బొమ్మను చెక్కేది తెల్లపొణికి కర్రతో. ఈ కొండల్లో పెరిగే చెట్టు. ఆరితే బెండులా తేలిక, ఉలికి వెన్నలా లొంగుతుంది. ఇప్పుడు అది దొరకడం కష్టమైపోయింది. కర్రను సన్నని సెగమీద ఆరబెట్టి, ఒళ్ళు వేరుగా, కాళ్ళు చేతులు వేరుగా చెక్కి, మక్కుతో అతికిస్తారు. మక్కు అంటే చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. అతికిన బొమ్మకు సున్నపు పూత వేసి, ఆరాక రంగులు. అంబారీ ఏనుగు, దశావతారాలు, కల్లుగీసే మనిషి ఎక్కిన తాడిచెట్టు, ఎద్దుబండి ఇక్కడి పేరున్న సరుకు. చింతకాయ గుజ్జు పులిహోరకు, గింజ బొమ్మకు. ఆ రోజు ఆ కుటుంబంలో చింతచెట్టు వృథా పోలేదు.

దుకాణంలో భార్య, తిరగలి విసురుతూ కూర్చున్న ఆడబొమ్మను ఎత్తి చూసింది. మగడు ధర అడిగాడు. "దంపతులుగా తీసుకోండమ్మా, రోకలి పట్టుకున్నావిడ జత ఉంది" అన్నాడు దుకాణదారు. జతలో ఇద్దరూ ఆడవాళ్ళే. మగబొమ్మ పక్కన అరుగుమీద కూర్చుని ఉంది, విడిగా అమ్ముతారు. ఆమె మూడూ కొన్నది. తిరుగుదారిలో ఒళ్ళో క్యారేజీ ఉన్నచోట బొమ్మల పెట్టె, క్యారేజీ స్కూటరు కొక్కేనికి.

నడిచిరాలుమగలు: ఈ పదానికి మూడు విధాల అర్థం చెప్పవచ్చు. మొదటిది కవి ఉద్దేశించినది. నడిచిరి, ఆలుమగలు. ఇత్వసంధి ఇక్కడ వైకల్పికం, చేయకపోయినా తప్పులేదు. చేశాడు గనుకనే మిగతా రెండు అర్థాలకు తలుపు తెరిచినవాడయ్యాడు.

రెండవది. నడిచి, రాలు మగలు. అనగా కొంత నడిచి ఆపైన రాలిపోవు మగవారు. శరత్తులో రాలేది ఆకు కాదని పైన చెప్పుకున్నాం. రాలినది ఏదో ఈ విభాగం తేల్చింది. స్థలం రెండో ద్వారానికి అరవై మెట్ల కింద, వేపచెట్టు నీడ. ఒక్క మగడే ఉండగా 'మగలు' అని బహువచనం ఎలా అంటే, భార్య అతణ్ణి మీరు అనే పిలుస్తుంది గనుక అది గౌరవార్థకం. "ఏవండీ, కూర్చున్నారా?" అని పైనుంచి ఆమె కేక వేసినట్టు అక్కడే సీతాఫలాలు ఏరుకుంటున్న పిల్లలు సాక్ష్యం. కూర్చోలేదని జవాబు. కూర్చునే చెప్పిన జవాబు.

మూడవది. నడిచి, రాలు మగలు అనే విరుపే, కాని 'రాలు' క్రియ కాదు, రాయి అనే మాటకు బహువచనం. రాళ్ళు. రాలైన మగలు అని రూపకం. దారి పొడుగునా మెట్లు రాళ్ళు, గోడలు రాళ్ళు, ద్వారం రాయి. వాటి నడుమ కదలకుండా ఉన్న మరొక రాయిని గుర్తుపట్టడం కష్టమే. ఒకే శబ్దం విరుపులో అర్థాలు వేరయ్యే దీన్ని సభంగశ్లేష అంటారు. కవి ఎరిగి చేశాడా, ఎరగక చేశాడా అన్న చర్చ అనవసరం. బకెట్టులో కాళ్ళు పెట్టుకున్నవాడికి శ్లేష దానంతటదే పుడుతుంది.

ఇక 'నడిచిరి' మీద ఒక ఆక్షేపణ. పటమట నుంచి కొండపల్లిదాకా స్కూటరు మీద పోయి నడిచిరి అనడం అసత్యం కదా? కాదు. నడుచు ధాతువుకు ప్రేరణార్థకం నడుపు. స్కూటరును అతడు నడిపాడు గనుక నడిచింది స్కూటరు. కొండమీద ఇద్దరూ నడిచారు. అక్కడ అతణ్ణి నడిపింది ఆమె. మూడూ ఒకే ధాతువు కిందికి వస్తాయి. వ్యాకరణం ఎంత ఉదారమో ఇలాంటి చోట్లనే తెలుస్తుంది.

కాళ్ళు నలగిపోవ: పాదములు నలిగిపోవుచుండగా. ఎవరి కాళ్ళు? కాళ్ళు స్వతహాగా బహువచనమే కాబట్టి రెండా నాలుగా అన్నది మాట చెప్పదు. బయటి సాక్ష్యం చూడాలి. భార్య వేసుకున్నవి గుడ్డ బూట్లు. రైతు బజారుకు రోజూ నడిచే కాళ్ళు. మగడివి కొత్త తోలు చెప్పులు, దసరాకు కొన్నవి. ఎడమ మడమ దగ్గర పట్టీ ఒరుసుకుపోయింది. ఆ రాత్రి వేణ్ణీళ్ళ బకెట్టు ఒక్కటే. రెండు కాళ్ళని నిర్ణయం.

నాయికా భేదం గురించి రెండు మాటలు. అలంకారశాస్త్రం నాయికల్ని అవస్థల్నిబట్టి ఎనిమిది రకాలుగా చెప్పింది. ఒక్కరోజులో ఒకే నాయిక వాటిలో సగం దాటింది. అయిదింటికి చీర కుచ్చిళ్ళు సర్దుకుని, సంచి గుమ్మంలో పెట్టుకుని ఎదురుచూస్తున్నప్పుడు వాసకసజ్జిక. అయిదున్నరకు, మగడు షేవింగు మొదలుపెట్టినప్పుడు విరహోత్కంఠిత. కోతి ఘట్టం తర్వాత పదిహేను నిమిషాలు కలహాంతరిత. మహలు పైన, పెరుగన్నంలో తన ఆవకాయ ముక్క అతడు తీసి ఆమె గిన్నెలో వేసినప్పుడు స్వాధీనపతిక. నాయకుడు నాలుగు రకాల్లో అనుకూలుడే, కాకపోతే ఆలస్యంగా. రసం శృంగారమంటే చాలదు, హాస్యమంటే అతడు ఒప్పుకోడు. వీరం ఆమెది, కరుణం అతడిది అని పంచుకోవడం ఉత్తమం. అలంకారం స్వభావోక్తి.

తాత్పర్యము: కార్తిక మాసమున ఒక ఆదివారమునాడు కాఫీ సేవించి, పటమట విడిచి, పులిహోర తీసికొని, కొండపల్లి దుర్గమునకు కోరికతో ఆలుమగలు కాళ్ళు నొచ్చునట్లు నడిచిరని భావము. పరీక్షలో ఇంతే రాస్తే చాలు.

పాఠాంతరము: మూలప్రతిలో మొదటి పాదం చివర 'తాగి' అన్న మాటమీద పెన్సిలుతో ఒక గీత ఉంది. దాని పైన, వేరే దస్తూరీలో, 'పెట్టి' అని దిద్దుబాటు. అప్పుడు పాదం 'కార్తికపుటాదివారము కాఫి పెట్టి' అవుతుంది. పెట్టి కూడా గురువు మీద లఘువే, గణం చెడదు. యతి కదలదు. అర్థం మాత్రం మొదటినుంచీ మారుతుంది. ఈ పాఠంలో ఒక చిక్కు ఉంది. బాలవ్యాకరణం చదివినవాళ్ళు ఎరిగినదే: క్త్వార్థక క్రియకూ దాని వెనక వచ్చే ప్రధానక్రియకూ కర్త ఒకటే కావాలి. నడిచిరి అన్నదానికి కర్తలు ఆలుమగలిద్దరూ గనుక, కాఫీ పెట్టింది కూడా ఇద్దరే అని వ్యాకరణం తీర్పు చెబుతుంది. మగడు ఈ పాఠాన్ని వెంటనే ఆమోదించి, పద్యాన్ని శుద్ధప్రతిగా తిరగరాశాడు. పెన్సిలు దస్తూరీ దానిమీదా పడింది. ఈసారి దిద్దుబాటు లేదు. 'పెట్టి' పక్కన అంచులో ఒక చిన్న ప్రశ్నార్థకం, దాని కింద "రేపు పొద్దున్న చూద్దాం" అని.